బాలారోగ్యము – టీకాలు – మన హాజరుపట్టీ

ముప్పది సంవత్సరములుగా పాఠశాల హాజరుపట్టీని ప్రతిదినము చూచుచున్న మాకు, ఏ మాసమున ఏ జబ్బు వచ్చునో పంచాంగము చూచినట్లే తెలియుచున్నది. జూన్‌లో బడి తెరచి తొలి వానలు పడిన రెండు మూడు వారములకే వాంతులు, విరేచనములు. అక్టోబరు, నవంబరులలో ఈశాన్యపు వానలకు జ్వరములు. సంక్రాంతి వెళ్ళి ఎండ ముదురుచుండగా తట్టు, ఆటలమ్మ, గవదబిళ్ళలు. ఒక వరుసలో ఒక పిల్లవాడు రాకపోయిన వారమునకు ఆ వరుసలో మరి ముగ్గురు రారు. వర్షాకాలమున మా హోసూరు ప్రాంతపు పిల్లలు కోల్పోవు పాఠములను మరల చెప్పుటకు వేసవి సెలవులు కూడ చాలవు.

మీరు వైద్యులు కారు గదా, ఈ విషయమును వ్రాయనేల యని తల్లిదండ్రులు అడుగవచ్చును. నిజమే. వైద్యుడు చెప్పవలసినది వైద్యుడే చెప్పవలెను. ఐనను మన పిల్లల యిండ్లలో ఆరోగ్యశాఖవారి కాగితములు చదువుట ఎంత కష్టమో మేమెరుగుదుము. ఇంట తెలుగు, సంతలో తమిళము, ఎల్లదాటి ఆనేకల్లు పోయినచో కన్నడము. మాటాడుటకు మూడును వచ్చును. చదువుట మాత్రము, ముఖ్యముగా తల్లులకును అవ్వలకును, ఒక్క తెలుగు వచ్చిన అదే గొప్ప. బిడ్డకు సూది వేయించు దినము, తరువాత రావలసిన తేది, జ్వరము వచ్చిన చేయవలసినది, ఇవన్నియు ఆ చదువరాని కాగితములోనే యుండును. ఈ యేడు సంచికలో ఈ పాఠమును పిల్లలకు గాక పెద్దలకు వ్రాయుటకు కారణమిదియే.

మన ఇండ్లలో ఏబది దాటినవారి చేతులను ఒకసారి చూడుడు. రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటో రెండో కనబడును. మా యెడమచేతిమీదను రెండున్నవి. అవి మశూచి టీకా గుర్తులు. ఇరువది యేండ్ల యువకుల చేతులపై అట్టి మచ్చలు లేవు. వారికున్న చిన్న మచ్చ క్షయకు వేసిన బి.సి.జి.ది. మశూచి టీకా వారికి వేయలేదు. వేయవలసిన అవసరమే లేకపోయినది.

‘టీకా’ యన్న మాటను గూర్చి ఒక చిన్న సంగతి. మన తెలుగు పండితులకు టీక యనగా పద్యమునకు అర్థము చెప్పునది. టీకాతాత్పర్యములు వ్రాయని విద్యార్థి యుండడు. ఈ టీకా అది కాదు. ఉత్తరదేశపు భాషలలో టీకా యనగా బొట్టు. మశూచి రాకుండుటకై చర్మమును గీరి మందు పెట్టినచోట బొట్టువంటి గుర్తు మిగులును గావున ఆ పేరు వచ్చినది. మా పాఠశాలలో ఒకసారి ఏడవ తరగతి బాలుడొకడు ‘టీకా తాత్పర్యము వ్రాయుము’ అన్న ప్రశ్నకు సూదిమందును గూర్చి అరపుట వ్రాసెను. మార్కులు ఇయ్యలేకపోతిమి గాని వ్రాసినది తప్పు కాదు.

ఇంగ్లండులో ఎడ్వర్డు జెన్నరు అను వైద్యుడు 1796వ సంవత్సరము మే 14వ తేదిన, పాలు పితుకు స్త్రీ చేతిమీది ఆవుమశూచి పొక్కునుండి రసము తీసి ఎనిమిదేండ్ల బాలుని చేతిలో ఎక్కించెను. ఆవులనుండి ఈ చిన్న జబ్బు సోకినవారికి మశూచి రాదని ఆ పల్లెవారు చెప్పుకొను మాటను ఆయన పరీక్షించి నిజమని తేల్చెను. ఆరేండ్లలో ఆ మందు మన దేశమునకు చేరినది. 1802వ సంవత్సరము జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల బాలికకు మొదటి టీకా పడినది. ఆ కాలమున మంచుపెట్టెలు లేవు. ఒక బిడ్డ చేతిమీద లేచిన పొక్కునుండి మరియొక బిడ్డకు, ఆ బిడ్డనుండి వేరొకనికి, ఇట్లు చేతినుండి చేతికి ఆ మందు ఊళ్ళు దాటెను. తరువాతి కాలమున మదరాసులో గిండీయందలి కింగ్ సంస్థ 1899లో మశూచి టీకామందు తయారుచేయుటకే ఏర్పడినది. ఆ సంస్థ నేటికిని కలదు.

టీకాలవాడు ఊరిలోనికి వచ్చుచున్నాడనగానే తల్లులు బిడ్డలను గాదెల చాటునను, రాగిచేలలోను దాచెడివారని మా అవ్వ చెప్పెడిది. అమ్మవారు అలుగునని భయము కొందరికి, చేయి వాచి కూలికి పోలేమని భయము కొందరికి. ఆ భయములను నవ్వుటకు మేమిష్టపడము. వాపును జ్వరమును వారు కండ్లారా చూచిరి. రాకుండ ఆగిన జబ్బును చూచువారెవరు? ఐనను నచ్చజెప్పి, బ్రతిమాలి, కొన్ని చోట్ల గద్దించి, ఇల్లిల్లు తిరిగి పని పూర్తిచేసిరి. మన దేశమున మశూచి 1975తో ఆగినది. లోకములో ఎక్కడను లేదని 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించెను. పిల్లల కాళ్ళను పడగొట్టు పోలియో మన దేశమున చివరిసారి 2011 జనవరిలో కనబడినది; 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతముగ మనకు గుర్తింపు వచ్చినది. బాలింతలను, పసికందులను చంపు పురిటి ధనుర్వాతము నిర్మూలింపబడినదని 2015లో ధ్రువపడినది. మా చిన్నతనమున ‘పురిటిలోనే పోయినది’ అను మాట ప్రతి వీధిలోను వినబడెడిది. నేటి తల్లులు ఆ మాట వినకయే పెరుగుచున్నారు. అందువలననే కాబోలు, సూది అవసరమా యని అడుగుచున్నారు.

టీకా ఎట్లు పనిచేయునో పిల్లలకు మేము చెప్పు విధముననే చెప్పెదము. తోటకు క్రొత్తగా వచ్చిన కావలివాడు దొంగనెరుగడు. మొదటిసారి దొంగ వచ్చి దోచుకొని పోయిన పిదపనే వాని ముఖము గుర్తుపట్టును. దోపిడి జరుగకముందే దొంగ బొమ్మను చూపి, వీడు కనబడిన పట్టుకొనుము అని చెప్పిన యెడల తోట మిగులును. చచ్చిన సూక్ష్మజీవినో, బలము తీసివేసిన జీవినో, దాని యందలి ఒక తునకనో శరీరమునకు ముందుగ చూపుటయే టీకా. శరీరము దానిని గుర్తుంచుకొనును. కాని గుర్తు కొంతకాలమునకు మాసిపోవును. ఎక్కములు అప్పజెప్పిన పిల్లవాడు వేసవి సెలవుల తరువాత పదమూడవ ఎక్కమువద్ద తడబడుటను మీరు చూచియుందురు. పునశ్చరణ వలెను. మధ్యమధ్య వేయు బలవర్ధక మోతాదులు ఆ పునశ్చరణలే. తల్లులు సాధారణముగ మానివేయునవియు అవే. చంటిబిడ్డకు సూదులన్నియు వేయించి, నడక వచ్చిన పిదప ఆరోగ్యకేంద్రపు దారి మరచెదరు.

ప్రభుత్వము ఉచితముగ ఇచ్చు టీకాల క్రమమును చెప్పెదము. ఇది దేశవ్యాప్తముగ 1985నుండి నడుచుచున్న కార్యక్రమము. మందులు క్రమముగ పెరిగినవి. బిడ్డ పుట్టగనే క్షయకు బి.సి.జి., పోలియో చుక్కలు, ఇరువదినాలుగు గంటలలోపల కామెర్లు తెచ్చు హెపటైటిస్-బి సూది. ఆరు, పది, పదునాలుగు వారములకు ఐదు జబ్బులను ఆపు సూది. దానిలో కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతములకు మందులున్నవి. దానితో పోలియోకును, విరేచనములు కలిగించు రోటా జీవికిని చుక్కలు. నెమ్ము రాకుండ న్యూమోకాకల్ సూది, పోలియో సూది ఆరు, పదునాలుగు వారములకును, మరల తొమ్మిదవ నెలకును. తొమ్మిది నిండి పండ్రెండు నెలలలోపల తట్టు-రుబెల్లా మొదటి సూది, ‘ఏ’ విటమిను ద్రావకము. పదునారు నెలలు మొదలు రెండేండ్లలోపల తట్టు-రుబెల్లా రెండవది, కంఠసర్పి కోరింతదగ్గు ధనుర్వాతముల మొదటి పునశ్చరణ. రెండవ పునశ్చరణ ఐదారేండ్లకు, అనగా బడిలో చేర్చు సమయమునకు. పదియవ యేట, పదునారవ యేట ధనుర్వాతము, కంఠసర్పులకు ‘టి.డి.’ అను సూది. సాధారణముగ ఐదవ తరగతిలోను, పదవ తరగతిలోను బడికే వచ్చి వేసెదరు.

పదియేండ్ల పిల్లవానికి కంఠసర్పి సూదియెందుకని ఒక తండ్రి అడిగిరి. కంఠసర్పి చంటిబిడ్డల జబ్బు మాత్రమే కాదు. చిన్ననాటి సూదుల బలము తగ్గినవారికి, ఎన్నడును వేయించుకొననివారికి పెద్దతనమునను వచ్చును. గొంతులో తెల్లని పొర కట్టి ఊపిరి నాపును; గుండెకును హాని చేయును.

తల్లులు మాటిమాటికి అడుగు ప్రశ్నలకు మేము ఆరోగ్యనర్సుగారిని అడిగి తెలిసికొన్న సమాధానములు ఇవి. కొంచెము జలుబు, దగ్గు ఉన్నంత మాత్రమున సూది మానరాదు. ఒక మోతాదు తప్పినచో మొదటినుండి మొదలుపెట్టనక్కరలేదు; ఆగినచోటనే కొనసాగింతురు. సూది వేసిన పిదప అరగంట సేపు అక్కడనే కూర్చుండవలెను. ఆ రాత్రి ఒళ్ళు వెచ్చబడుట, సూదిచోట నొప్పి సహజము. జ్వరపు మందు ఎంత ఇయ్యవలెనో నర్సు చెప్పును. సూదిచోట పసుపు, పేడ, నూనె ఏదియు రుద్దరాదు. పూర్వము ఏదైన సూదికి బిడ్డకు ఊపిరాడక పోయినను, ఒళ్ళంత దద్దురులు లేచినను ముందే చెప్పవలెను.

ఇక మేము చేసిన తప్పును చెప్పెదము.

2017వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున తమిళనాడు, కర్ణాటక, గోవా, లక్షద్వీపములతోపాటు మన యానాము చేరియున్న పుదుచ్చేరియందును, తొమ్మిది నెలలు మొదలు పదునైదేండ్లలోపు పిల్లలందరికిని తట్టు-రుబెల్లా సూది ఒకేమారు వేయ నిర్ణయించిరి. తట్టు ఎంత వేగముగ అంటునదనగా, టీకా లేనివారి నడుమ ఒక్క రోగివలన 12 నుండి 18 మందికి సోకునని వైద్యులు లెక్కించిరి. రుబెల్లా పిల్లలకు చిన్న దద్దురే. కాని గర్భవతికి మొదటి మాసములలో సోకినచో పుట్టబోవు బిడ్డకు చెవుడు, కంటిశుక్లము, గుండెజబ్బు కలుగవచ్చును. మగపిల్లలకు ఎందుకు వేయవలెనను ప్రశ్నకు జవాబు ఇందులోనే యున్నది. అన్నకు వచ్చిన జబ్బే ఇంటిలోని వదినకు అంటును.

మా బడికి సమ్మతిపత్రములు కట్టలు కట్టలుగ వచ్చినవి. తమిళములో అచ్చయి యున్నవి. మేము వాటిని పిల్లలచేతికిచ్చి ‘ఇంటిలో సంతకము పెట్టించి తెండు’ అని పంపితిమి. అంతటితో మా పని అయినదనుకొంటిమి. అదే వారమున సెల్‌ఫోనులలో వాట్సాప్ ద్వారా, ఆ సూదివలన పిల్లలకు సంతానము కలుగదనియు, ప్రాణమునకే మోసమనియు మాటలు ఇంటింటికి చేరినవి. ఆ మాటలు తెలుగులోను చేరినవి. మా పత్రము మాత్రము తమిళములోనే మిగిలినది. సూది వేయు దినమున సగముమందికి పైగా పిల్లలు బడికి రాలేదు. వచ్చినవారిలో కొందరు గోడదూకి పోయిరి.

సాయంకాలము మేము నాలుగిండ్లకు పోతిమి. ఒక అవ్వ రాగులు చెరుగుచు తల యెత్తకయే అనినది: “అయివారూ, మీరంపించిన కాయితం అరవంలో ఉండాది. ఫోన్లో వచ్చింది మన మాటలో ఉండాది. మేం దేన్ని నమ్మాల?”

మాకు జవాబు దొరకలేదు. నలుబది యేండ్లు తెలుగు మాధ్యమమును నిలుపుకొనుటకు అర్జీలు వ్రాసిన సంఘము మనది. పాఠ్యపుస్తకములు ఆలస్యమైన కలెక్టరుగారి కచ్చేరికి పోయినవారము. బిడ్డ ప్రాణమునకు సంబంధించిన కాగితమును తెలుగులోనికి మార్చుటకు అరగంట పట్టును. ఆ అరగంట మేము వెచ్చింపలేదు. దీనికి ఏ శాఖవారిని తప్పుపట్టగలము?

ఆ రాత్రియే పత్రమును తెలుగున వ్రాసి, మరుసటి దినము ప్రతులు తీయించి, గుడి ముందరి అరుగుమీద నిలిచి చదివితిమి. మా సహోపాధ్యాయిని ఒకరు తమ కుమార్తెకు అందరియెదుట మొదట సూది వేయించిరి. గడువు మార్చి మాసమునకు పొడిగింపబడుటచేత రెండవమారు నర్సులు వచ్చిరి. చాలమంది పిల్లలు వచ్చిరి. కొందరు రాలేదు. రానివారిలో ఒక బాలునికి మరుసటి వేసవిలో తట్టు వచ్చి, అది తగ్గుచుండగనే నెమ్ము చేసి పదునొకండు దినములు ఆసుపత్రిలో నుండెను. బ్రతికెను. కాని ఆ యేడు చదువు పోయెను. తండ్రి పట్టుపురుగుల షెడ్డుకై కూడబెట్టిన ధనము పోయెను. ఆ తండ్రి మమ్ము ఒక్క మాటయు అనలేదు. నేటికిని ఆయన ఎదురుపడినప్పుడు మేమే తలదించుకొందుము.

కుక్కకాటును గూర్చి వేరుగ చెప్పవలసియున్నది. దీనికి ఋతువు లేదు. బడి దారిలో ప్రతిదినము నడచుచున్న ప్రమాదమిది. లోకములో పిచ్చికుక్కలని అనుమానింపబడిన కుక్కలు కరచినవారిలో నూటికి నలుబదిమంది పదునైదేండ్లలోపు పిల్లలే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పిల్లవాడు కుక్కపిల్లతో ఆడును, ముఖము దగ్గరకు పెట్టును, కరచిన దెబ్బలు పడునని ఇంటిలో చెప్పడు.

1979లో మాకు తొమ్మిదేండ్ల వయస్సున ఒక కుక్క మా పిక్కను పట్టినది. అదే కుక్క అదే ఉదయమున మా వీధిలోని పశువులకాపరి చేతిని పట్టినది. అతనికి పదునెనిమిదేండ్లుండవచ్చును. మా తండ్రిగారు మమ్ము బస్సులో ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ఆ కాలపు మందు గొఱ్ఱె మెదడునుండి తయారైనది. నీలగిరులలోని కూనూరులో 1907నుండి నడుచుచున్న పాస్టరు సంస్థవంటి చోట్ల దానిని చేసెడివారు. బొడ్డు చుట్టును పదునాలుగు దినములు పదునాలుగు సూదులు. ప్రతిదినము ఏడ్చితిమి. ఆ కాపరికి కూలి పోవునని ఇంటివారు పసరు కట్టించి, మంత్రము వేయించిరి. పుండు మానినది. అతడు మమ్ము చూచి, సూదులకు ఏడ్చితివటగదా యని వెక్కిరించెను కూడ. ఆరు వారముల పిదప ఒకనాడు నీళ్ళ చెంబు చూచి వణకెను. మూడవ దినమునకు లేడు.

ఆ జబ్బు లక్షణములు పొడసూపిన పిదప మందు లేదు. లక్షణములకు ముందు మాత్రము పూర్తిగ ఆపవచ్చును. లూయీ పాస్టరు 1885 జూలైలో తొమ్మిదేండ్ల బాలునికి మొదట ఈ టీకా వేసి నిలబెట్టెను. ఆయన వర్ధంతియైన సెప్టెంబరు 28ని లోకమంతట ఈ జబ్బు నివారణదినముగ పాటించుచున్నారు. బొడ్డు చుట్టు సూదులు ఇప్పుడు లేవు. గొఱ్ఱె మెదడు మందు మన దేశమున 2005 నాటికి ఆగిపోయినది. నేడు ప్రభుత్వాసుపత్రులలో సాధారణముగ చేతి చర్మములోనికి చిన్న సూదులు; కరచిన దినము, మూడవ దినము, ఏడవ దినము, ఇరువదియెనిమిదవ దినము. మొదటి దినమును సున్నగ లెక్కింతురు, ఇది గుర్తుంచుకొనవలెను. కండలోనికి వేయు పద్ధతిలో పదునాలుగవ దినమునను ఒకటి యుండును. ఖర్చు లేదు.

కుక్క పట్టినప్పుడు ఆసుపత్రికి పోవుటకు ముందే చేయవలసిన పని యొకటి కలదు. గాయమును ధారగా పారు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. ఇది చిన్న పనియని తీసివేయరాదు. గాయమందలి విషజీవులను చాలవరకు ఇదియే తొలగించును. సున్నము, కారము, కాఫీపొడి, పసరు పెట్టరాదు. రక్తము కారినచో, ముఖమునకో వ్రేళ్ళకో పట్టినచో టీకాతోపాటు గాయములోనే వేయు మరియొక మందు వలసియుండును, వైద్యుని అడుగుడు. రక్తము రాని గీరుడుకును టీకా వలెను. పిల్లి, కోతి కరచినను ఇదే విధి. ఇంటికుక్కయే గదా, చూతమని ఆగరాదు. టీకా మొదలుపెట్టి, కుక్కను పదిదినములు కనిపెట్టి యుండవలెను. గర్భవతులు, చంటిపిల్లల తల్లులు కూడ వేయించుకొనవచ్చును.

కొద్దికాలము క్రిందట మా నాలుగవ తరగతి బాలునికి టొమాటో తోటగట్టున కుక్కపిల్ల పట్టినది. ఇంటిలో చెప్పలేదు. నిక్కరు క్రింద గాయము దాచెను. మూడవ దినమున వాని ప్రక్క కూర్చుండు పిల్ల మా గదికి వచ్చి “అయివారూ, వాడు కుంటతా ఉండాడు, అడిగితే ఏడస్తాడు” అనినది. ఆలస్యమైనను టీకా మొదలుపెట్టవచ్చును గావున వెంటనే తీసికొనిపోతిమి. మూడు మోతాదులు సక్రమముగ పడినవి. ఇరువదియెనిమిదవ దినము ఊరి జాతరనాడు వచ్చెను. బంధువులు, పొట్టేళ్ళు, పలకవాద్యములు. ఎవరికిని గుర్తులేదు. మేమే పోయి, జాతర నడుమనుండి వానిని స్కూటరుమీద తీసికొనిపోయి సూది వేయించి తెచ్చితిమి. వాని అవ్వ మాకు ఓళిగలు పెట్టినది. ఆ పిల్ల చెప్పకపోయియున్నచో అను తలపు మాత్రము మమ్ము విడువలేదు. కుక్క కరచినదని చెప్పు బిడ్డను కొట్టకుడు, తిట్టకుడు.

వానకాలపు జబ్బులను కొంత చెప్పి ముగింతుము. డెంగీకి మన పిల్లలకు వేయు టీకా లేదు. దానిని తెచ్చు దోమ పగటివేళ కుట్టును. తొట్టెలోను, పూలకుండి పళ్ళెములోను, షెడ్డు వెనుక పడిన పాత టైరులోను నిలిచిన మంచినీటిలో పుట్టును. వారమున కొకసారి తొట్టెను తోమి ఆరబెట్టినచో గ్రుడ్లు నశించును. గులాబీతోటలవారు నీటిగుంతలను కప్పుట మరువరాదు. విరేచనములకు ఓ.ఆర్.ఎస్. పొట్లమును లీటరు కాచి చల్లార్చిన నీటిలో పూర్తిగ కలిపి కొంచెము కొంచెముగ త్రాగించుట, జింకు మాత్రలను విరేచనములు ఆగినను పదునాలుగు దినములు వేయుట. ఇన్‌ఫ్లుయెంజా జ్వరపు సూది ప్రభుత్వ పిల్లల పట్టికలో లేదు. ఉబ్బసమున్నవారికి, ముసలివారికి ప్రతి సంవత్సరము వేయించుట మేలగునో లేదో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. నులిపురుగుల మాత్రను బడిలోనే ఇత్తురు; ఆనాడు పిల్లలను ఆపకుడు.

మన దాపున నున్న సహాయములను చాలమంది వాడుకొనుటలేదు. ఆరోగ్య ఉపకేంద్రమున బుధవారములందు టీకాలు వేయుదురు. గ్రామ ఆరోగ్యనర్సు మన యింటికి వచ్చు మనిషి. ఆమె ఫోను సంఖ్యను గోడమీద వ్రాసి పెట్టుకొనుడు. అత్యవసరమునకు 108, ఆరోగ్య సలహాకు 104. రక్తపుపోటు, చక్కెరజబ్బు ఉన్న పెద్దవారికి ఇంటికే మందులు తెచ్చు ‘మక్కళై తేడి మరుత్తువమ్’ పథకము 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లెలోనే ప్రారంభమైనది. మన ప్రక్క ఊరిలో మొదలైన దానిని మన అవ్వతాతలు పొందకపోవుట వింత.

అక్కడకు పోయినప్పుడు మాటలు తెలియక తడబడకుండుటకు కొన్ని పేర్లు. టీకాను తమిళులు తడుప్పూసి యందురు. మన తట్టు వారికి తట్టమ్మై. ఇందు చిక్కు లేదు. చిన్నమ్మై యనగా ఆటలమ్మ; చిన్నమ్మ కాదు. మన ఇండ్లలో తట్టునే చిన్నమ్మవారనువారు కలరు గావున ఇచ్చట పొరపాటు పడుదురు. కోరింతదగ్గు కక్కువాన్ ఇరుమల్. కంఠసర్పి తొండై అడైప్పాన్. ధనుర్వాతము రణజన్ని. గవదబిళ్ళలు పొన్నుక్కు వీంగి. క్షయ కాసనోయ్, కాస యనగా దగ్గని తెలుగువారికిని తెలియును. పచ్చకామెర్లు మంజళ్ కామాలై. పిచ్చికుక్క కాటు వెఱినాయ్‌కడి. మన పిల్లలు బడిలో తమిళమును చదువుచున్నారు. వారిచేత టీకా కార్డును చదివించుకొనుడు. వారికి పాఠమగును, మీకు తేది తెలియును.

వచ్చు జూన్‌నుండి పాఠశాలలో ప్రతి విద్యార్థికిని ఒక ఆరోగ్యపత్రము తెలుగులో ఉంచదలచితిమి. దానిలో వేసిన సూదులు, వేయవలసిన తేదులు ఉండును. ఆరోగ్యశాఖనుండి వచ్చు ప్రతి పత్రమునకును తెలుగు ప్రతి జతచేయక ఇంటికి పంపబోము. జూన్ రెండవ శనివారము ఉదయము పది గంటలకు జరుగు తల్లిదండ్రుల సమావేశమునకు టీకా కార్డులు తెండు. కార్డు పోయినవారును రావచ్చును. పుట్టిన తేదియు, ప్రసవమైన ఆసుపత్రియు చెప్పినచో నర్సుగారు తమ పుస్తకములో వెదకెదమని మాట యిచ్చిరి. ఆరోజు పనికి పోవలసిన తండ్రులు అవ్వలచేత పంపినను సరియే.